తిత్తి పీట

పెద్దాసుపత్రిలో అద్దాల గది, మధ్యాహ్నం వేళ. మంచం మీద తమ్ముడు. అతని తొడలోంచి ఒక గొట్టం, మెడలోంచి ఒక గొట్టం బయలుదేరి పక్కనున్న యంత్రంలో కలుస్తున్నాయి. యంత్రం దగ్గర నర్సు. గుమ్మంలో, చెప్పులు చేత్తో పట్టుకుని, అన్న. అన్నదమ్ములిద్దరికీ మాటలు లేక ఏళ్లయింది.

"సిస్టర్, ఆయన్నెవరు రమ్మన్నారు?"

"నేనే రమ్మన్నాను చిన్నాయనా."

"ఎందుకు? నేనేమన్నా... పోతున్నానా?"

"పోయేవాళ్లకైతే చుట్టాలందర్నీ పిలుస్తాం. మీకు ఒక్కర్నే పిలిచాం. దాన్నిబట్టి అర్థం చేసుకోండి."

"అమ్మాయ్, వాడికి చెప్పు. నా అంతట నేను రాలేదని చెప్పు. ఫోను చేస్తే వచ్చానని చెప్పు."

"ఆయన ఇక్కడే ఉన్నారు పెద్దాయనా. మీకూ మంచానికీ మధ్య నేను తప్ప ఏమీ లేదు. విన్నారు."

"విన్నాడో లేదో నాకెట్లా తెలుస్తుంది? నువ్వు చెప్పు."

"చిన్నాయనా, మీ అన్నగారు తన అంతట తాను రాలేదట."

"ఫోను చేస్తే వచ్చాడట. అదీ విన్నా. సిస్టర్, ఆయనకి చెప్పండి... ఆ చెప్పులు కింద పెట్టుకోమని. ఎవరూ... ఎత్తుకుపోరు."

"బయట విప్పమన్నారమ్మాయ్. బయట విప్పితే ఉండవన్నారు. రెండూ ఒకే కాపలావాడు అన్నాడు. అందుకని చేత్తో పట్టుకున్నా. ఇది వాడికి చెప్పక్కర్లేదు, నీకే చెబుతున్నా."

"చెప్పులు ఆ స్టూలు కింద పెట్టి కూర్చోండి పెద్దాయనా. యంత్రం వైపు కాదు, అటువైపు. ఆ గొట్టాలు తొక్కకండి."

"ఏ గొట్టాలు? ఓరి నాయనో! ఇదంతా వాడి రక్తమేనా?"

"ఆయనదే. తొడ దగ్గర గొట్టంలోంచి బయటికొస్తుంది. ఈ మోటరు దాన్ని లాగి ఆ పెట్టెలోకి తోస్తుంది. పెట్టెలో దానికి గాలి తగులుతుంది. చెడుగాలి వదిలి మంచిగాలి ఎక్కించుకుని, మెడ దగ్గర గొట్టంలోంచి మళ్లీ లోపలికి పోతుంది. ఊపిరితిత్తులు చెయ్యాల్సిన పని ఇది చేస్తోంది."

"మరి వాడి తిత్తులేం చేస్తున్నాయి?"

"పడుకున్నాయి. జ్వరం వాటిలోకి దిగి రెండూ తడిసిన గోతాల్లా అయ్యాయి. కోలుకునేదాకా సెలవిచ్చాం. ఇప్పుడు కోలుకున్నాయి. ఎక్స్‌రేలో శుభ్రంగా కనపడుతున్నాయి. సెలవైపోయింది, పనిలోకి రమ్మంటే రానంటున్నారు."

"తిత్తులా, వాడా?"

"తిత్తులకేం అభ్యంతరం లేదు. ఈయనకే."

"ఈ గొట్టం నల్లగా ఉంది, ఆ గొట్టం ఎర్రగా ఉంది. ఒకటి కొలిమిలో పెట్టకముందు ఇనుములా, ఒకటి తీశాక ఇనుములా."

"అంతే పెద్దాయనా. గాలి తగలకముందు అది, తగిలాక ఇది."

"సిస్టర్, ఆయనకి చెప్పండి... నన్ను ఇనపముక్కని చూసినట్టు... చూడొద్దని. నాకు మాట్లాడితే... ఆయాసం."

"మీకు ఆయాసం రాకూడదు చిన్నాయనా. పీల్చేది మీరు కాదు. అంతా ఈ యంత్రమే పీలుస్తోంది."

"చూశారా. అది ఉంటేనే ఇట్లా ఉంది... అది లేకపోతే?"

"పెద్దాయనా, ఈయన సంగతి వినండి. మొన్న డాక్టరుగారొచ్చి, 'పెట్టెలోకి గాలి పంపే ఈ మీట కట్టేస్తాం, కాసేపు మీ అంతట మీరు పీల్చండి, నిలబడితే గొట్టాలు తీసేస్తాం' అన్నారు. అనీ అనగానే ఈయనకి ఒళ్లంతా చెమటలు. ఊపిరాడట్లేదని ఒకటే కేకలు. ఊపిరాడని మనిషి అంత గట్టిగా అరవడం నేనెక్కడా చూళ్లేదు. తీరా చూస్తే డాక్టరుగారు ఇంకా చేతులు కడుక్కుంటున్నారు."

"నాకు మూసినట్టే అనిపించింది."

"నిన్న నేను ఆ మీట మీద దుమ్ము తుడిచాను. తుడిచినందుకు మళ్లీ అదే గోల."

"తుడిచినట్టు లేదు సిస్టర్. తిప్పినట్టుంది."

"ఆఖరికి ఈయనే ఒక షరతు పెట్టారు పెద్దాయనా. మూస్తే మూయండి, ఎప్పుడు మూసేదీ నాకు చెప్పొద్దు అని."

"అన్నా. చెబితే భయంతో చస్తా. చెప్పకపోతే... భయపడ్డానికి ఏముంటుంది?"

"డాక్టరుగారు సరేనన్నారు. అప్పట్నుంచీ ఈయన ఆ మీట మీంచి కళ్లు తియ్యట్లేదు. నిద్రా లేదు. చెప్పొద్దన్నది ఈయనే, కాపలా కాసేదీ ఈయనే."

"నా ఊపిరి. నేను కాపలా కాసుకుంటా. ఎవరికేం నష్టం?"

"మీకే నష్టం. ఈ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా మందు ఎక్కిస్తున్నాం. ఆ మందువల్ల ఎక్కడ కాస్త చిట్లినా ఆగదు. పొద్దున ముక్కులోంచి కారింది. ముక్కు కాబట్టి దూది పెట్టాను. రేపు తలకాయలో కారితే ఎక్కడ పెట్టను దూది?"

"అమ్మాయ్, అంటే దీన్ని పట్టుకుని ఎన్నాళ్లుంటే అంత గండమా?"

"అంత గండం పెద్దాయనా. ఏరు దాటాక తెప్ప తగలెయ్యమనట్లేదు. దిగమంటున్నాం."

"దాటానని మీరంటున్నారు సిస్టర్. నాకింకా... నీళ్లే కనపడుతున్నాయి."

"కళ్లు ఎప్పుడూ మీట మీదే ఉంటే ఒడ్డు ఎట్లా కనపడుతుంది?"

"అమ్మాయ్, వాడు మోటరు ఆపొద్దంటున్నాడా?"

"అవును పెద్దాయనా."

"మోటరే కదా అది?"

"మోటరే."

"హూఁ."

"సిస్టర్, ఏంటా హూఁ?"

"పెద్దాయనా, ఏంటా హూఁ?"

"ఏం లేదు. మోటరు మొహం చూడనని కొలిమిలోంచి లేచిపోయిన మనిషి, ఇప్పుడు మోటరు ఆగితే చస్తానంటున్నాడు. అంతే. హూఁ."

"సిస్టర్, ఆయన్ని... బయటికి పంపండి."

"పంపను. మీ ఆవిడ్ని అడిగాను చిన్నాయనా, ఈయన ఎవరి మాట వింటాడమ్మా అని. ఎవరి మాటా వినడు, ఒక్క మనిషితో మాత్రం పోట్లాడతాడు అంది. ఆ మనిషి నంబరే ఇమ్మన్నాను."

"పోట్లాట కూడా లేదు. మాటలే లేవు."

"ఎందుకు లేవు?"

"ఆయన్నే అడగండి."

"అమ్మాయ్, వాణ్ణే అడుగు. లేచిపోయింది వాడు. నేను అక్కడే ఉన్నా."

"ఇనుముతో కూడిన నిప్పుకి సమ్మెటపోట్లంటారు, ఇదే కాబోలు. చిన్నాయనా, మీరే చెప్పండి. మెల్లిగా చెప్పండి, తొందరేం లేదు."

"ఏముంది... మాది కమ్మరి కొలిమి. నాన్న పోయాక ఆయన ఇనుము పెట్టి కొట్టే దాగలి దగ్గర... నేను తిత్తి దగ్గర. ఆయన సుత్తి, నేను గాలి. నేను ఊదకపోతే... ఆయన కొట్టేదేముంది? చల్లని ఇనుము."

"అమ్మాయ్, అది నిజమే."

"నిజమేనంటున్నారు చిన్నాయనా."

"ఇన్నేళ్లకి ఒప్పుకున్నాడు. నేను... లోకంలో ఎవరికీ తెలియనంత బాగా ఊదేవాణ్ణి సిస్టర్. నాగలికర్రుకి ఒక ఊదు... కొడవలికి ఒక ఊదు. కొడవలికి ఎక్కువ ఊదావంటే అంచు మాడిపోతుంది. నేను మంట రంగు చూసి..."

"ఆగారేం?"

"ఆయాసం. ఒకరోజు పొద్దున... పెరట్లోకి బండి వచ్చింది. బండిలో గాలిమోటరు. కొలిమికి బిగించేది. నాతో ఒక్క మాట... ఒక్క మాట లేదు. నేను చేతులు కడుక్కుని... వెళ్లిపోయా. మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేదు. సైకిల్ స్టాండులో చీటీలిస్తున్నా."

"ఊరు వదిలి వెళ్లారా?"

"ఎక్కడికి? ఒకటే పెరడు. ఆయన పొయ్యి అటు... నా పొయ్యి ఇటు."

"ఒకే పెరట్లో ఉండి మాట్లాడుకోకుండా ఎట్లా గడిచింది?"

"నల్లకుక్క ఉండేది. ఆయన దాంతో అనేవాడు... 'ఒరేయ్, రేపు మేనత్త వస్తోంది, ఎక్కడికీ పోకు' అని. అది నాకని నాకు తెలుసు. నేను దాంతో అనేవాణ్ణి... 'రాదులేవే, ఆవిడకి కాలు బెణికింది' అని."

"బాగానే నడిచిందే."

"నడిచింది. కుక్క పోయింది. మాటలు పూర్తిగా... ఆగిపోయాయి."

"అమ్మాయ్, అది చాలా మంచి కుక్క."

"అంటే ఇప్పుడు ఆ ఉద్యోగం నాకు వచ్చిందా పెద్దాయనా?"

"అబ్బే. అది ఇన్ని ప్రశ్నలు వేసేది కాదు."

"సిస్టర్, మీరు మీటకి అడ్డం వచ్చారు. కొంచెం జరగండి."

"జరిగాను. కనపడిందా? అక్కడే ఉంది. ఎక్కడికీ పోదు."

"కనపడింది. ఉండనివ్వండి."

"అమ్మాయ్, నేను మోటరు సంగతి చెప్పనా?"

"చెప్పండి."

"మంచి మోటరు. మీట వేస్తే ఊదుతుంది, తీస్తే ఆగుతుంది. అలిగి వెళ్లి గట్టు మీద కూర్చోదు."

"చూశారా సిస్టర్."

"అన్నానికి లేవదు. చీకటి పడుతోందని గొణగదు."

"సిస్టర్, ఆయన్ని ఆపమనండి."

"ఇంకోటి కూడా చెప్పు అమ్మాయ్. తిత్తి ఊదడంలో వీడేదో పెద్ద మొనగాడినని అనుకుంటున్నాడు. వీడికంటే ఆ మోటరు నూరుపాళ్లు నయం."

"ఏమన్నాడు? ఏమన్నాడు సిస్టర్? ఇటు చూసి చెప్పమనండి ఆ మాట!"

"వీడికంటే నయం. దగ్గదు."

"దగ్గదా? ఓహో, దగ్గదా!"

"చిన్నాయనా, నెమ్మది. అటు తిరిగితే తిరిగారు గానీ మెడ అంత విసురుగా తిప్పకండి."

"ఏంటా చప్పుడు? టంగుమని?"

"ఏం లేదమ్మాయ్. చేతిలో కొలిమి తాళంచెవి ఉంది. మంచం కడ్డీకి తగిలింది."

"సిస్టర్, ఆయనకి చెప్పండి, ఇది మంచం, దాగలి కాదు, ఎక్కడ పడితే అక్కడ కొట్టుకోవడానికి! దగ్గదట! అడగండి, ఆ దగ్గు ఎవరి కొలిమిలో వచ్చిందో అడగండి! ఈయనకి చెమట పడుతుందని గాలి వచ్చే వైపు దాగలి పెట్టుకుని పొగొచ్చే వైపు తిత్తి పెట్టించాడు, ఆ పొగంతా ఎవడి ముక్కులోకి పోయింది? నేనెప్పుడన్నా అన్నానా, అన్నయ్యా ఇటు పొగొస్తోంది, చోటు మారుద్దాం అని? అనలేదు! కళ్లనీళ్లు తుడుచుకుని ఊదా! ఒకసారి బండి చక్రానికి పట్టా వేసేటప్పుడు పొద్దుపొడుపు నుంచి మొదలుపెడితే మధ్యలో మంచినీళ్లు కూడా తాగకుండా ఊదా, మంట ఒక్క వేలు దిగలేదు, అడగండి దిగిందేమో!"

"దిగలేదమ్మాయ్."

"దిగలేదట చిన్నాయనా."

"వినపడింది! సిస్టర్, ఇదేంటి, దుప్పటి కప్పుతున్నారు? నాకు చలి లేదు."

"మీకు కాదు, గొట్టాలకి. ఏసీ గాలికి చల్లబడతాయి. చెప్పండి, పట్టా వేశారు, తరవాత?"

"తరవాతేముంది, అంత చేసినవాణ్ణి మోటరుకి మార్చేశాడు! పాత రేకు తీసి కొత్త రేకు వేసినట్టు! పోనీ మార్చాలనుకున్నావు, పిలిచి చెప్పు! 'ఒరేయ్, నువ్వు దగ్గుతున్నావు, పనికిరావు, పోరా' అని చెప్పు! నేను పోనా? పోతా! ఆ మాట అనడానికి ఈయనకి నోరు లేదు, బండివాడితో అనిపించాడు! బండివాడు నన్ను అడిగాడు సిస్టర్, 'ఇది ఎక్కడ దించమంటావు' అని! నా చోటులో దించే సామాను ఎక్కడ దించాలో నన్నే అడిగాడు!"

"మీరేమన్నారు?"

"నెత్తిన దించమన్నా!"

"సరే. ఆ చెయ్యి ఇవ్వండి. మణికట్టు దగ్గర సన్నగొట్టంలోంచి ఒక్క చుక్క రక్తం తీసుకుంటా."

"పొద్దున తీశారుగా."

"అది పొద్దుటిది. ఇది ఇప్పటిది."

"డాక్టరు ఆ అద్దం అవతల నిలబడ్డాడేం?"

"టీ తాగుతున్నారు."

"చేతిలో గ్లాసు లేదే."

"తాగేశారు. ఇటు చూడకండి చిన్నాయనా, మీ అన్నగారు ఏదో అంటున్నారు."

"నేనేం అనలేదమ్మాయ్."

"అనండి పెద్దాయనా. ఇప్పుడు అనాల్సింది ఏదన్నా ఉంటే అనండి. మిగిలిందేదన్నా ఉంటే."

"ఏం మిగలలేదు. ఒకటుంది. వాడిని అడుగు, ఆ మోటరు మీట ఏ ఎత్తులో బిగించానో."

"చిన్నాయనా, మీట ఏ ఎత్తులో ఉందట?"

"నాకేం తెలుసు? నేను ఆ గుమ్మం ఎక్కలేదని చెప్పాగా. ఎత్తయితే నాకెందుకు, పల్లమైతే నాకెందుకు?"

"పెద్దాయనా, ఏ ఎత్తులో?"

"మోకాలంత ఎత్తులో."

"అదేంటి? అంత కిందనా? నిలబడ్డ మనిషికి అందదుగా."

"అందదు. వంగాలి. కాలిన ఇనుము పట్టకారులో పట్టుకుని వంగాలి. ఇన్నేళ్లుగా వంగుతున్నా. నడుం పోయింది."

"మరి అక్కడెందుకు బిగించారు?"

"తిత్తి పీట మీద కూర్చున్నవాడికి కుడిచేతికి అందాలని."

"సిస్టర్, ఏ పీట?"

"ఏ పీట పెద్దాయనా?"

"ఎన్ని పీటలున్నాయమ్మాయ్? వాడి పీటే. దగ్గుతున్నాడు. అప్పటికి ఏడాదిగా దగ్గుతున్నాడు. ఊదితే తగ్గదని మందిచ్చే ఆచారి అన్నాడు. ఊదొద్దంటే వీడు ఊరుకోడు. అందుకని మోటరు తెచ్చా. పొగకి దూరంగా అటు గోడవారకి పీట జరిపా. కూర్చుని మీట వేస్తాడు, మంట రంగు చూసుకుంటాడు, కొడవలికి ఎంత, కర్రుకి ఎంత అని. రంగు చూడటం మోటరుకి రాదు కదా."

"ఈ మాట ఆయనకి అప్పుడే చెప్పలేదా?"

"చెప్పడానికేముంది? మీట చూస్తే తెలుస్తుందనుకున్నా."

"చూస్తేగా! సిస్టర్, ఆయనకి చెప్పండి, చూస్తేగా తెలిసేది! ఎక్కడన్నా ఉందా ఇది? మనిషి నోటితో చెప్పాల్సిన మాట మోకాలెత్తున గోడకి బిగించి, వచ్చి చదువుకోమంటాడా? నోరుంది కదా! అన్నం తినడానికి తెరుస్తాడు కదా!"

"అమ్మాయ్, కొలిమిలో మేమెప్పుడన్నా నోటితో చెప్పుకున్నామా? వాణ్ణే అడుగు."

"నిజమా చిన్నాయనా? పనిలో అసలు మాట్లాడుకునేవాళ్లు కాదా?"

"ఆ చప్పుడులో ఎవరి మాట ఎవరికి వినపడుతుంది?"

"పీట ఇప్పుడేమైంది పెద్దాయనా?"

"అక్కడే ఉంది. పొద్దున్నే తుడుస్తా. మీద ఎవరూ కూర్చోరు. పాత తిత్తి కూడా అటకమీదే ఉంది. ఆముదం రాస్తా. రాయకపోతే తోలు బిగిసిపోతుంది. వాడకుండా ఉంచితే మంచి తిత్తి కూడా బిగిసిపోతుందమ్మాయ్. అదే నేను చెప్పేది."

"సిస్టర్, ఆయనకి చెప్పండి, కమ్మరివీధిలో సూదులమ్మొద్దని. తిత్తి బిగిసిపోతుందని నాకు చెబుతున్నాడు. నాకు!"

"మీకు కోపం తగ్గినట్టుందే."

"తగ్గలేదు. ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు. ఇన్నేళ్లు మోసుకొచ్చిన కోపం, దించేచోటు ఈయన తవ్వేశాడు. ఆచారి దగ్గరికి నాకోసం వెళ్లాడంట. నాకు తెలియదు. అటు గోడవారకా పీట? గోడవారైతే కిటికీ పక్కన."

"కిటికీ పక్కనేనమ్మాయ్."

"కిటికీ పక్కన ఎండ పడుతుంది. ఎండలో మంట రంగు తెలియదు. మూర్ఖుడు. సిస్టర్, ఇది చెప్పకండి."

"వినపడిందమ్మాయ్. కిటికీకి గోనె కట్టా."

"కట్టాడా? అయితే సరే."

"చిన్నాయనా, నాకొకటి అర్థం కాలేదు. మాటలు లేకుండా పని ఎట్లా జరిగేది? ఇప్పుడు ఊదాలి, ఇప్పుడు ఆపాలి, అది మీకెట్లా తెలిసేది?"

"సుత్తితో చెప్పేవాడు. ఇనుము మీద కొట్టే దెబ్బ వేరు, ఉత్త దాగలి మీద కొట్టే దెబ్బ వేరు. ఉత్తదాని మీద కొడితే గంటలా మోగుతుంది. రెండు మోగితే ఊదమని."

"ఆపమనాలంటే?"

"ఉత్త దాగలి మీద ఒక్కటే. టంగుమని ఒక్కటి మోగిందా, తిత్తి మీంచి చెయ్యి తీసెయ్యడమే. నిద్రలో వినపడినా చెయ్యి తీసేవాణ్ణి సిస్టర్. ఒకసారి పెళ్లిలో ఎవడో ఇత్తడి బిందె పడేశాడు, నేను చేతిలో విస్తరి వదిలేశా. అంత అలవాటు. మీరు నవ్వుతున్నారేం?"

"నవ్వట్లేదు."

"నవ్వుతున్నారు. ఆ డాక్టరు కూడా నవ్వుతున్నాడు, టీ తాగేశాక నవ్వేదేముంది? నేను ఇంతసేపట్నుంచీ ఆగకుండా మాట్లాడుతుంటే మీకు... ఉండండి."

"ఏమైంది?"

"ఇందాక ఆయన తాళంచెవి..."

"ఊఁ."

"ఎన్నిసార్లు తగిలింది?"

"నేను లెక్కపెట్టలేదు చిన్నాయనా."

"ఒక్కసారి. సిస్టర్, ఆ దుప్పటి తియ్యండి. తియ్యండి, లేకపోతే నేనే తీస్తా. ఇదేంటి? ఈ రెండు గొట్టాలూ ఒకే రంగులో ఉన్నాయేంటి? రెండూ నల్లగానే ఉన్నాయి! ఎర్రది ఏది? అన్నయ్యా! గాలి ఆపేశారు, చూడన్నయ్యా, గాలి ఆపేశారు!"

"నేను ఒక్క దెబ్బ కొట్టి చాలాసేపయిందిరా. అప్పట్నుంచీ తిత్తి ఊదుతోంది నువ్వే."